పదిహేడో బిళ్ల

మా బావ తొమ్మిదేళ్ల ఆడపిల్లను ఫ్యాక్టరీ పనిలో పెట్టుకున్నాడని తిరుపతి పీఎఫ్ ఆఫీసులో కంప్యూటరు చెప్పింది. సాక్ష్యం మేమిచ్చిన ఫ్లాపీయే.

పన్నెండు కావస్తోంది. కౌంటరులో ఉన్నాయన తెర మీద ఒక వరుస దగ్గర వేలు పెట్టి, మెడ ముందుకు చాచి చదివాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. తర్వాత మా వైపు తిరిగాడు.

“పదిహేడో నంబరు సార్. పనిలో చేరింది పద్దెనిమిదేండ్ల కింద. ఇప్పుడు వయసు ఇరవై ఏడు. మీరే తీసేసుకోండి.”

బావ తీసివేత చేయలేదు. నా వైపు చూశాడు. ఆ ఫ్లాపీలో ఉన్న ప్రతి అక్షరాన్నీ, ప్రతి అంకెనూ కొట్టింది నేనే.

“తొమ్మిది,” అన్నాను మెల్లగా.

“తొమ్మిదేండ్ల బిడ్డ చేతికి కత్తిచ్చినారా సార్?”

“సామీ, నా మాట వినండి. నా ఫ్యాక్టరీ గేటులోకి పిల్లోళ్లను అడుగు పెట్టనీను. కాయ కావాలని అల్లరి చేస్తే నేనే తీసుకోని పొయ్యి బయట ఇచ్చొస్తా.”

“నేననలేదు సార్. మీ ఫ్లాపీ అంటా ఉండాది.”

ఆయన మంచివాడు. ఫ్లాపీని బయటికి తీసి, వెనుక వరుసలో నిలబడ్డవాళ్లకు వినిపించకుండా గొంతు తగ్గించాడు. నేను పేపరువాణ్ణని బావ ముందే చెప్పి ఉన్నాడు. “దీన్ని ఇట్లనే తీసుకున్నాననుకోండి. రేపు లేబరాఫీసోళ్లొస్తారు. ఎల్లుండి ఈ సారు పని చేసే పేపర్లోనే పడతాది. పొయ్యి సరిచేసుకోని రండి. వారం టైముండాది.” లేవబోతూ ఉంటే మళ్లీ పిలిచాడు. “ఇంకొకటి సార్. మీ దగ్గర నలభై ముగ్గురు ఆడోళ్లూ జూలై ఒకటో తేదీనే పుట్టినారు. అది మాత్రం నేనడగను.”

బావది మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. పూతలపట్టు నుంచి కాణిపాకం పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉండేది. ఫ్యాక్టరీ అంటే పెద్దదేమీ కాదు. రెండు రేకుల షెడ్లు, ఒక బాయిలరు, డబ్బాలు మూతలేసే మిషను ఒకటి, పొడుగాటి కోతబల్లలు నాలుగు. తోతాపురి కాయ దిగే రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ల నుంచి నలభై మందికి పైగా ఆడవాళ్లు వచ్చి తొడిమలు తీసి, చెక్కు తీసి, టెంక నుంచి కండను కోసేవాళ్లు. ఆ రెండు మూడు నెలలూ బావ చొక్కా నుంచి, వ్యాను సీట్ల నుంచి, మా అక్క వంటింటి నుంచి కూడా పండిన మామిడి వాసనే వచ్చేది. ఆ ఇంట్లో మామిడిపండు తినేవాళ్లు ఒక్కరూ లేరు.

నేను చిత్తూరులో ఒక దినపత్రికకు పని చేసేవాణ్ణి. వార్తలు చేతిరాతతో బస్సు కవర్లలో పంపిన కాలం నుంచి ఫ్యాక్సు దాకా, ఆ తర్వాత కంప్యూటరు దాకా వచ్చాం. పత్రికవాళ్లు ఇంట్లో ఒక పాత కంప్యూటరు పెట్టించి, ఇకమీదట వార్తలు ఇందులో కొట్టి పంపమన్నారు. నాకు తెలిసిందల్లా కొట్టడం, పంపడం. బావ మాత్రం నన్ను చూసినప్పుడల్లా ఏదో పెద్ద చదువు చదివినవాణ్ణి చూసినట్టు చూసేవాడు.

అంతలో పీఎఫ్ వాళ్ల దగ్గర నుంచి ఇంగ్లీషులో రెండు పేజీల సర్క్యులర్ వచ్చింది. పని చేసేవాళ్ల పేర్లు, పుట్టిన తేదీలు, పనిలో చేరిన తేదీలు, జీతాల వివరాలు ఇకమీదట కాగితం ఫారాల మీద తీసుకోరట. ఫలానా నమూనాలో కంప్యూటరులో కొట్టి ఫ్లాపీలో ఇవ్వాలట. బావ దాన్ని చదివి తూకం మిషను కింద పెట్టాడు. జవాబు చెప్పక్కర్లేదని ఆయన అనుకున్న కాగితాలన్నీ అక్కడే ఉండేవి. నెల తిరక్కుండానే ఇంకోటి వచ్చింది. ఈసారి కింద జరిమానా మాట కూడా ఉంది. ఆ సాయంత్రమే రెండు కాగితాలూ, ఒక బుట్ట పచ్చికాయలూ పట్టుకుని చిత్తూరులో మా ఇంటికొచ్చాడు.

“బామ్మర్దీ, నీకిది ఒక గంట పని గదా?”

మూడు వారాలు పట్టింది.

అప్పటిదాకా ఆ లెక్కలన్నీ ఒక గుమాస్తా చూసేవాడు. ఫ్యాక్టరీ పెట్టిన రోజు నుంచీ ఉన్నాడు. ముత్యాల్లాంటి రాత ఆయనది. ఏటా పీఎఫ్ ఫారాలు నింపేటప్పుడు పక్కన పోయినేడాది నకలు పెట్టుకుని, పై నుంచి కింది దాకా పేర్లు అదే వరుసలో దించేవాడు. ఫ్లాపీ మాట వినగానే తనకు చూపు తగ్గిందని చెప్పి పని మానుకున్నాడు. ఇంట్లో పేపరు మాత్రం చిన్నక్షరాల ప్రకటనలతో సహా చదివేవాడు.

కాబట్టి నా ముందున్నవి ఆయన రాసిన ఫారాల కట్ట, ఖాళీ తెర. పేర్లు, చేరిన తేదీలు ఫారాల నుంచి ఎత్తి రాశాను. పుట్టిన తేదీల గడి ఆయన ఏ యేడూ నింపినట్టు లేదు. కాగితం ఫారం ఊరుకుంది కానీ ఈ ప్రోగ్రాము ఊరుకోలేదు. తేదీ లేకుండా తర్వాతి గడిలోకి కదలనివ్వలేదు. సరే, మనుషులనే అడిగితే పోతుంది కదా అని ఒక ఆదివారం ఉదయం ఫ్యాక్టరీ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

ఇక్కడ బిళ్లల సంగతి చెప్పాలి. గేటు లోపల గోడకు ఒక చెక్క పలక, దానికి మేకులు, ఒక్కో మేకుకు ఒక్కో ఇత్తడి బిళ్ల ఉండేది. బిళ్ల మీద నంబరు కొట్టి ఉండేది. పొద్దున రాగానే ఎవరి బిళ్ల వాళ్లు తీసి కొంగున ముడేసుకుని కోతబల్ల దగ్గరికి పోతారు. ఖాళీ మేకులు చూసి మేస్త్రమ్మ, అంటే ఆడవాళ్ల మీద అజమాయిషీ చేసే పెద్దావిడ, హాజరు పుస్తకంలో నంబరుకు ఎదురుగా ఒక గీత గీస్తుంది. సాయంత్రం బిళ్ల మళ్లీ మేకుకు ఎక్కాలి. ఫ్యాక్టరీలో ఎవరూ ఎవర్నీ పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. “ఏమ్మే ఇరవై రెండూ, నీ కత్తి ఇట్టియ్యి” అనేవాళ్లు. “ముప్పైఒకటికి మనవడు పుట్టినాడంట” అనేవాళ్లు.

నేనూ అలాగే పిలిచాను. ఒకటో బిళ్ల, వయసెంత? రెండో బిళ్ల, వయసెంత? వాళ్లూ నవ్వుతూ చెప్పారు. చాలామందికి యేడు తెలుసు కానీ తేదీ తెలియదు. కొందరికి యేడు కూడా ఏదో తుపాను గుర్తుతోనో, కరువు గుర్తుతోనో తప్ప తెలియదు. బళ్లలో పిల్లల్ని చేర్చేటప్పుడు అయ్యవార్లు చేసే పనే నేనూ చేశాను. అందరికీ జూలై ఒకటి వేశాను. పదిహేడో బిళ్ల అనగానే చలాకీగా ఒకామె ముందుకొచ్చి “ఇరవై ఏడు సార్” అంది. ఇరవై ఏడు రాసుకున్నాను.

ఇరవై యేళ్లుగా రోడ్డు ప్రమాదంలో దెబ్బ తగిలినవాడి దగ్గరికి పోయినా మొదట పేరడిగి రాసుకోవడం నా వృత్తి. ఆ పూట నలభై ముగ్గురిలో ఒక్కరి పేరూ అడగలేదు. పేర్లు ఉన్నాయి కదా అనుకున్నాను.

ఫ్లాపీ తయారయ్యాక బావ దాన్ని నేరుగా ఆఫీసుకు పోనివ్వలేదు. కొత్త వ్యానుకైనా, కొత్త మిషనుకైనా కాణిపాకం వినాయకుడి దగ్గర పూజ చేయించనిదే పని మొదలుపెట్టడం ఆయనకు అలవాటు లేదు. ఫ్లాపీని కొబ్బరికాయ పళ్లెంలో పెట్టి పూజ చేయించి, పసుపు కుంకుమలతో తిరుపతి తీసుకుపోయాడు. ఆ ఫ్లాపీ తెరుచుకోలేదు. రేకు లోపలికి పసుపునీళ్లు పోయాయని కౌంటరులో ఆయన చెప్పాడట. రెండోసారి నేను కూడా వెంట పోయాను. ఈసారి తెరుచుకుంది. తెరుచుకున్నందువల్లనే తొమ్మిదేళ్ల పిల్ల బయటపడింది.

తిరుపతి నుంచి వ్యానులో తిరిగి బయల్దేరాం. చంద్రగిరి దాటాక టీ కోసం ఆగాం. బావ గ్లాసు సగం తాగి అన్నాడు.

“పేపరోడివి గదప్పా నువ్వు. పేరడగవా?”

“నీ ఫ్యాక్టరీలో పేర్లుంటే గదా బావా అడిగేది.”

“నాకేం తెలుసు, బిళ్ల ఉంటే మనిషి ఉన్నట్టే అనుకుంటి.” టీ గ్లాసు పక్కన పెట్టాడు. “రేపు నన్ను పట్టుకపోతే మీ అక్కకు నువ్వే జవాబు చెప్పుకో.”

మేస్త్రమ్మ మా ప్రశ్నకే ఆశ్చర్యపోయింది. బావ ఫ్యాక్టరీ యజమాని అయి ఉండీ ఈ మాత్రం తెలియకపోవడం ఆమెకు వింతగా తోచింది.

“పదిహేడా? అది వాళ్లత్తది. అత్తకు నడుము పట్టుకోని కోడలికిచ్చింది. పెండ్లయి వచ్చిన యేడే ఇచ్చేసింది.”

“ఇచ్చేయడమేంది? అది ఫ్యాక్టరీ బిళ్ల గదమ్మా?”

“ఫ్యాక్టరీదే. కానీ ఇంటిది. ఒకసారి ఒక ఇంటికి బిళ్లొస్తే ఆ ఇంట్లోనే ఉంటాది గదా సామీ. బయటోళ్లకిస్తే ఊరుకుంటారా? నెత్తిన కొట్టుకోరా?”

అలా మొత్తం పదకొండు బిళ్లలు చేతులు మారాయని తేలింది. అక్క నుంచి చెల్లెలికి, తోడికోడలి నుంచి తోడికోడలికి. వాళ్ల వయసులు దగ్గరదగ్గరగా ఉండడంతో ఫ్లాపీ వాటిని పట్టుకోలేదు. పదిహేడు కాక మిగిలిన ఆ పదిమంది పేర్లూ దిద్దడం పెద్ద పని కాలేదు. పదిహేడులో మాత్రం అత్తకూ కోడలికీ మధ్య ముప్పై నాలుగేళ్ల తేడా ఉంది.

పాత గుమాస్తా దగ్గరికి పోయి అడిగాం. వసారాలో పేపరు మడిచి పక్కన పెట్టి, నింపాదిగా విన్నాడు.

“బిళ్ల నంబరు మారిందా?” అన్నాడు.

“లేదు.”

“మరి నేను పేరెందుకు మారుస్తాను?”

ఆయనే ఇంకో మాట చెప్పాడు. అదే అసలు చిక్కు. అత్తకు యాభై ఎనిమిది దాటినప్పటి నుంచీ పింఛను సంగతి అడుగుతోందట. పదేళ్ల సర్వీసు ఉంటే వస్తుందని, నీ బిళ్లకు పదిహేను దాటిందని, కాకపోతే కాగితం మీద నువ్వింకా పని చేస్తున్నావు కాబట్టి కోడలు మానేశాక అడుగుదామని ఈయనే చెప్పాడట. మూడేళ్లుగా ఆమె ఆ మాట నమ్ముకుని ఉంది.

లెక్క వేసుకున్నాను. బిళ్లకు పద్దెనిమిది సీజన్లు. అందులో అత్తవి మొదటి తొమ్మిది. నిజం రాస్తే ఆమెకు ఒక్క యేడు తక్కువ. పింఛను రాదు. రాయకపోతే బావ మెడకు తొమ్మిదేళ్ల పిల్ల చుట్టుకుంటుంది. అత్త వయసు వేసి పంపిస్తే, అరవై ఒక్కేళ్ల మనిషి ఇంకా కోతబల్ల దగ్గర కూర్చున్నట్టు అవుతుంది. ఆమె అయితే ఇంట్లో నడుము కింద దిండు పెట్టుకుని పడుకుని ఉంది.

మరుసటి రోజు వాళ్ల ఊరికి పోయాం. ఫ్యాక్టరీకి రెండు మైళ్లు. కోడలు పనికి పోకుండా ఇంట్లోనే ఉంది. మేమొస్తున్నామని మేస్త్రమ్మ ముందే చెప్పినట్టుంది. అత్త మంచం మీద లేచి కూర్చుంది. సన్నటి మనిషి, గొంతు మాత్రం వీధి చివరిదాకా పోయేది. వేళ్ల చివర చర్మం నల్లగా, గట్టిగా ఉంది. మామిడి సొన కాల్చిన మచ్చలవి. ఎన్నేళ్లయినా పోవు.

నేను సంగతి చెప్పాను. తొమ్మిది అనేసరికి ఆమె చెయ్యెత్తి ఆపింది.

“తొమ్మిదెట్లయితాదప్పా? బిళ్లకు పద్దెనిమిది గదా?”

“బిళ్లకు పద్దెనిమిదే. నువ్వు పని చేసింది తొమ్మిది.”

“బిళ్ల నాది. కాయ ఎట్ల కొయ్యాలో తెలియని కాలంలో పొయ్యి, చేతులు కాల్చుకోని తెచ్చుకున్నె బిళ్ల అది.”

కోడలు పొయ్యి దగ్గర నుంచి, మా వైపు తిరక్కుండానే అంది. “అత్తా, బిళ్ల కాయలు కొయ్యలేదు. కోసింది నేను.”

“కొయ్యి. ఎవురొద్దన్నారు? నేనియ్యకపోతే యాడ కోసుందువు నువ్వు? మీయమ్మగారింట్లోనా?”

“మా అమ్మగారింట్లో మామిడితోపు ఉండాది.”

“ఉండాది. మూడు చెట్లు. అందులో ఒకటి ఎండిపాయె.”

బావ నవ్వాపుకోలేక గడప బయటికి పోయి నిలబడ్డాడు. కోడలు కాఫీ తెచ్చి నా చేతికిచ్చి, అప్పుడు మంచం పక్కన నేల మీద కూర్చుంది.

“సార్, గొడవెందుకు. అంతా అత్త పేరు మీదనే పోనీ. ఆమెకొస్తే మా ఇంటికొచ్చినట్టే గదా. నా వయసు కాకుండా ఆమె వయసు రాసుకోండి. ఎవురొచ్చి సూస్తారు?”

చూస్తారని చెప్పాను. చూడకపోయినా ఇంకో ఇబ్బంది ఉందని చెప్పాను. అలా రాస్తే కోడలు ఆ ఫ్యాక్టరీలో ఒక్క రోజు కూడా పని చేయనట్టే. రేపు ఆమెకు యాభై ఎనిమిదేళ్లు వచ్చినా, మధ్యలో ఏదైనా అయినా, ఆమె పేరు మీద అక్కడ ఒక్క కాగితమూ ఉండదు.

అత్త కొంగు చివర, ఎప్పుడో బిళ్ల ముడేసుకునే చోటు, వేళ్లతో నలుపుతూ కూర్చుంది.

“అంటే దీనికేమీ మిగల్దా?”

“మిగల్దు.”

“ఇన్నేండ్లు కోసిందానికి?”

“ఇన్నేండ్లు కోసిందానికే.”

“అయితే వద్దు,” అంది. “దానిది దానికి రాయండి. నాది నాకు రాయండి.” మేము హమ్మయ్య అనుకునేలోగా వేలు చూపించింది. “నాకు పది రాయండి.”

“తొమ్మిదే గదమ్మా?”

“దీని పెండ్లయిన యేడో? దాన్ని ఎవురికి రాసినావు? ఆ సీజన్లో దీని చేతులు బొబ్బలెక్కి గిన్నె కూడా పట్టుకోలేకపోతా ఉన్నెది. ఒక దినం ఇది పొయ్యేది, రెండు దినాలు నేను పొయ్యేదాన్ని. అడుగు. దాన్నే అడుగు.”

కోడలు తలూపింది. సొన అలవాటు లేని చేతులు మొదటి సీజనులో అలాగే అవుతాయి. ఆముదం రాసుకున్నా ఆగవు. ఆ యేడు ఇద్దరూ వంతులవారీగా వెళ్లారట. బిళ్ల ఒక్కటే కాబట్టి ఇద్దరూ ఒకే రోజు పోవడానికి వీల్లేదు.

“ఆ యేడు అత్తదే అని రాయండి సార్,” అంది కోడలు. “నాది ఆ మరుసటేడు నుంచి మొదలుపెట్టండి.”

“ఇదేం దానం చేసినట్టు చెప్పబన్లేదు,” అంది అత్త. “అది నాదే.”

వారం గడువు రెండు రోజులుందనగా మళ్లీ తిరుపతి పోయాం. ఈసారి ఫ్లాపీని నా చొక్కా జేబులో పెట్టుకున్నాను. బావ అలిపిరి వైపు తిరిగి ఒక దండం పెట్టుకున్నాడు కానీ ఫ్లాపీ అడగలేదు. పదిహేడో నంబరు కింద అత్త పేరు తీసి, కోడలికి కొత్త నంబరు వేసి, పెళ్లి మరుసటేడు చేరినట్టు కొట్టాను. అత్త పేరు మీద పదేళ్లు చూపిస్తూ వేరే అర్జీ, దానికి హాజరు పుస్తకాలు జత చేశాం. మేస్త్రమ్మను కూడా వ్యానులో తీసుకుపోయాం. దారి పొడుగునా ఆమె కిటికీలో నుంచి కొండలు చూస్తూనే ఉంది.

కౌంటరులో ఆయన ఫ్లాపీ పెట్టాడు. మిషను కాసేపు గుర్రుమని ఆగింది. ఆయన మొహం విప్పారింది.

“మీ పిల్ల పెద్దదయింది సార్,” అన్నాడు.

బావ కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన వరకూ గండం గడిచినట్టే. ఫ్లాపీకి రసీదు కూడా ఇచ్చారు. తర్వాత కౌంటరాయన అర్జీ విప్పాడు.

“తొమ్మిది సరే. ఈ పదోది ఎవురిది?”

“అత్తది,” అన్నాను.

“అమ్మా, మీరు జెప్పండి. ఆ యేడు పనికొచ్చింది ఎవురు?”

మేస్త్రమ్మకు అబద్ధం చెప్పే అలవాటు లేదు. మేము దారిలో ఏదీ నేర్పలేదు కూడా. “ఇద్దరూ వచ్చినారు సామీ,” అంది.

“ఇద్దరూ అంటే? ఏ దినం ఎవురు?”

“అదెట్ల చెప్పేది? బిళ్ల మేకు మీద లేదంటే వచ్చినట్టే. గీత గీసేసేదాన్ని. మొగం సూసి గీస్తే నలభై మొగాలు సూసేలోపల కాయ కుళ్లిపోతాది.”

ఆయన నవ్వాడు. పుస్తకం తిరగేసి ఆ సీజను పేజీ తీశాడు. పదిహేడుకు ఎదురుగా నీలి సిరా గీతలు. అన్నీ ఒకేలా ఉన్నాయి. “సార్, ఇద్దరికీ సగం సగం రాసేదానికి ఈడ గడి లేదు. గడి ఒకటే ఉండాది. పైకి పంపిస్తా. ఏమంటారో సూద్దాం,” అన్నాడు. అర్జీ మీద పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం పెట్టాడు.

ఫ్యాక్టరీలో బావ బిళ్లలు తీసేస్తానన్నాడు. ఆడవాళ్లు ఒప్పుకోలేదు. పలక మీద నుంచి బిళ్ల పోతే పని పోయినట్టేనని వాళ్ల లెక్క. చివరికి ఒక్కో బిళ్లకూ పేరు రాసిన కాగితం అతికించాడు. సొనకూ నీళ్లకూ మూడో రోజుకల్లా కాగితాలన్నీ ఊడి కోతబల్లల కింద కనిపించాయి. ఆ తర్వాత నుంచి మేస్త్రమ్మ గీతకు బదులు పేరులో మొదటి అక్షరం వేయడం నేర్చుకుంది. అత్తల అక్షరాలూ కోడళ్ల అక్షరాలూ వేరుగా ఉండడం మా అదృష్టం.

ఆ తర్వాత ఫ్లాపీలు పోయి సీడీలొచ్చాయి. సీడీలు పోయి అంతా ఇంటర్నెట్లోనే నింపమన్నారు. యేటికొకసారి ఇచ్చే వివరాలు నెలనెలా ఇవ్వాల్సి వచ్చింది. బావ ఒక అకౌంటెంటును పెట్టుకున్నాడు. నా గంట పని అలా తప్పిపోయింది. కోడలు ఇంకా అక్కడే పని చేస్తోంది. కొత్త నంబరు వచ్చినా ఆమెను అందరూ పదిహేడు అనే పిలుస్తారు.

అత్త అర్జీకి రెండు సార్లు జవాబు వచ్చింది. రెండింటిలోనూ ఒకటే మాట. ఫలానా సీజనులో ఇద్దరిలో ఎవరు ఎన్ని రోజులు పని చేశారో ఆధారాలతో తెలపండి అని. ముప్పై ఆరు రోజులు తనవని అత్త అంటుంది. నలభై అత్తవేనని కోడలు అంటుంది. కోడలు కావాలనే ఎక్కువ చెబుతోందని, తనకు ఎవరి దయా అక్కర్లేదని, తనవి ముప్పై ఆరేనని అత్త మళ్లీ అంటుంది. పోయిన నెల ఆ దారిన పోతూ ఆగితే, మంచం మీద నుంచే “ఓ పేపరాయనా, పైనుంచి ఏమన్నా వచ్చిందా?” అని కేకేసింది. రాలేదని చెప్పాను.

హాజరు పుస్తకం ఇంకా ఆ ఆఫీసులోనే ఉంది. పెళ్లయిన ఆ సీజను పేజీలో పదిహేడుకు ఎదురుగా యాభై నాలుగు గీతలున్నాయి. అందులో అత్తవి ఎన్నో, కోడలివి ఎన్నో ఇప్పటికీ తేలలేదు.